నృత్యచ్ఛాయాచిత్రణము: ఫ్లాష్ దీపముతో చలనమును నిలుపుట

నృత్యము కాలములో సాగెడు కళ. ఛాయాచిత్రము ఒక్క క్షణమును పట్టి నిలిపెడు కళ. ఈ రెండింటికిని పొత్తు కుదుర్చుట తేలికైన పని కాదని మన ఇండ్లలోని ఆల్బములే చెప్పును. అరంగేట్రపు ఫోటోలను ఒకసారి తిరగవేసి చూడుడు. కొన్నిటిలో అమ్మాయి అరమండిలో నిలిచి, చేతులు చాచి, ఫోటోగ్రాఫరు "రెడీ" అనువరకు బొమ్మవలె కదలకయుండును. మరికొన్నిటిలో నిజముగనే ఆడుచుండును గాని చేతులున్న చోట తెల్లని పొగ వంటిది మాత్రమే మిగిలియుండును. మొదటి వానిలో నృత్యము కనబడదు. రెండవ వానిలో నర్తకి కనబడదు. ఆడుచున్న మనిషిని ఆడుచుండగనే, కాలి గజ్జెలు లెక్కపెట్టదగినంత స్పష్టముగ చూపుటకు మార్గమున్నదా? ఉన్నది. అది స్టూడియోలో ఫ్లాష్ దీపముతో తీయు పద్ధతి. ఆ పద్ధతిలోని భౌతికశాస్త్రమును, దానితోపాటు ఆ శాస్త్రము ఒక్కటే ఇవ్వజాలని లయజ్ఞానమును ఈ వ్యాసములో వివరింపదలచినాము. సైన్సు విద్యార్థులకు మొదటి భాగము, నాట్యము నేర్చుకొనుచున్న సోదరీమణులకు రెండవ భాగము ఎక్కువ ఉపయోగపడునని మా ఆశ. కాని రెండు భాగములను ఇరువురును చదువవలెనని మా కోరిక.

చలనమును నిలుపునది కెమెరాలోని షట్టరు అని చాలమంది తలంతురు. ఎండలో క్రికెట్టు ఆటను తీయునపుడు ఇది నిజమే. సెకనులో వెయ్యవ వంతు సేపు మాత్రమే షట్టరు తెరచినచో బంతి గాలిలో నిలిచినట్లు కనబడును. చీకటి స్టూడియోలో మాత్రము షట్టరు కేవలము ద్వారపాలకుడు. తలుపు ఎంతసేపు తెరచియున్నదన్నది కాదు, లోనికి వచ్చిన కాంతి ఎంతసేపు నిలిచినదన్నదే అచట ముఖ్యము. గది పూర్తిగా చీకటిగా ఉండి, దీపము సెకనులో రెండువేలవ వంతు మాత్రమే వెలిగినచో, షట్టరు అర సెకను తెరచియున్నను ఫిల్ము మీద పడునది ఆ రెండువేలవ వంతు కాలపు కాంతియే. తక్కిన కాలమంతయు చీకటి. చీకటి బొమ్మ గీయదు. కనుక ఇచ్చట చలనమును నిలుపునది దీపము వెలిగియుండు కాలము. దీనిని ఇకముందు వెలుగుకాలమని పిలుచుకొందము.

ఈ సూత్రము కొత్తది కాదు. 1851లో ఆంగ్లేయుడైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక ప్రయోగము చేసెను. టైమ్స్ పత్రికలోని ఒక పుటను చక్రమునకు అంటించి, చక్రమును వేగముగ త్రిప్పి, చీకటిలో లెయ్‌డెన్ జాడీల నుండి విద్యుత్ స్ఫులింగమును పుట్టించి ఫోటో తీసెను. తిరుగుచున్న కాగితము మీది అక్షరములు చదువుటకు వీలుగ వచ్చినవి. ఫోటోకు కూర్చున్న మనిషి కొన్ని సెకనులపాటు కదలక ఉండవలసిన రోజులలో ఇది ఎంతటి ఆశ్చర్యమో ఊహింపవచ్చును. తరువాత 1887లో మెగ్నీషియము పొడి, 1930 ప్రాంతములో ఫ్లాష్ బల్బు వాడుకలోనికి వచ్చినవి గాని, అవి రెండును మండి వెలుగునిచ్చు వస్తువులు. మంట ఎగసి ఆరుటకు పట్టు కాలము నర్తకి చేతి వేగమునకు చాల ఎక్కువ. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగు బోధించిన హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930 తరువాతి సంవత్సరములలో, వాయువు నింపిన గాజుగొట్టములో విద్యుత్తును ఒక్కసారిగ విడుదల చేసి మెరపించు దీపమును అభివృద్ధి పరచెను. పాలచుక్క పడి కిరీటమువలె లేచిన ప్రసిద్ధ చిత్రము, 1957 నాటిది, ఆయనదే. ఆ విద్యాలయములోనే ఇంజినీరింగు చదివి 1927లో పట్టము పొందిన జోన్ మిలి అను అల్బేనియా దేశస్థుడు ఎడ్జర్టన్ దీపమును చూచి, దానిని ప్రయోగశాలనుండి నర్తకుల ముందుకు తెచ్చెను. 1943లో లైఫ్ పత్రికలో అచ్చయిన లిండీ హాప్ నృత్య చిత్రములలో గాలిలోనికి లేచిన నర్తకుల బూట్లు, గౌను మడతలు సైతము చెక్కినట్లు కనబడుట ఈ దీపపు చలువయే.

ఇక లెక్కలోనికి దిగుదము. వెలుగుకాలము ఎంత తక్కువ ఉండవలెను? దీనికి ఊహలు అక్కరలేదు. గుణకార భాగహారములు చాలును. నిలువెత్తు నర్తకిని పైకెత్తిన చేతులతో సహా చూపవలెనన్న సుమారు రెండు మీటర్ల ఎత్తు చిత్రములో పట్టవలెను. 35 మిల్లీమీటర్ల కెమెరాను అడ్డముగ పట్టినపుడు చిత్రపు ఎత్తు 24 మిల్లీమీటర్లు. కనుక బింబము అసలు వస్తువులో సుమారు 83వ వంతు. ఫిల్ము మీద 0.03 మిల్లీమీటరు వరకు మసక ఉన్నను మామూలు పరిమాణపు ముద్రణలో కంటికి ఆనదన్నది ఛాయాచిత్రకారులు చాలకాలముగ పాటించుచున్న లెక్క. దానిని 83తో గుణించిన 2.5 మిల్లీమీటర్లు వచ్చును. అనగా దీపము వెలిగియున్నంతలో నర్తకి శరీరములోని ఏ భాగమును 2.5 మిల్లీమీటర్లకు మించి కదలరాదు. విసరిన చేయి సెకనుకు 5 మీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. సెకనులో 250వ వంతులో అది 2 సెంటీమీటర్లు కదలును. 1000వ వంతులో 5 మిల్లీమీటర్లు. 2000వ వంతులో 2.5 మిల్లీమీటర్లు. మనకు కావలసినది ఈ చివరిదే.

కథక్ నర్తకి చక్కర్ తిరుగునపుడు ఈ లెక్క ఇంకను ఆసక్తికరము. సెకనుకు రెండు చుట్లు తిరుగుచున్నదనుకొందము. ఆమె మొండెపు అంచు ఇరుసు నుండి 15 సెంటీమీటర్ల దూరములో ఉండునుగాన దాని వేగము సెకనుకు 1.9 మీటర్లు, దానిని నిలుపుటకు 750వ వంతు సెకను చాలును. కాని గొడుగువలె విచ్చుకొన్న పేష్వాజ్ అంచు ఇరుసుకు 60 సెంటీమీటర్ల దూరములో ఉన్నచో దాని వేగము సెకనుకు సుమారు 7.5 మీటర్లు, దానికి 3000వ వంతు కావలెను. ఒకే మనిషిలో, ఒకే క్షణమున, నాలుగు రెట్ల తేడా! ముఖము స్పష్టముగ నుండి జరీ అంచు మాత్రము కరిగిపోయిన ఫోటోలు మనకు తరచుగ కనబడుటకు కారణమిదియే. ఆ మాత్రపు కరుగుదల కొందరికి అందముగ తోచును, మాకును తోచును. అయితే అది కోరి తెచ్చుకొన్నదై యుండవలెను.

అంగడిలో దొరకు స్టూడియో ఫ్లాష్ అన్నియు 2000వ వంతు ఇచ్చునా? ఇచ్చట విద్యార్థులు కొంచెము జాగ్రత్తగ వినవలెను. ఫ్లాష్ గొట్టము మీట నొక్కిన వెంటనే వెలిగి, మీట తీసిన వెంటనే ఆరునది కాదు. కెపాసిటరులో నిలువచేసిన విద్యుత్తు జినాన్ వాయువు గుండ ప్రవహించునపుడు వెలుగు క్షణములో శిఖరమునకు ఎగసి, తరువాత నెమ్మదిగ తరుగుచు, పొడుగాటి తోకను విడుచును. మరి ఈ తోకలో ఎచ్చట గీత గీసి "ఇంతటితో వెలుగు అయినది" అనవలెను? వెలుగు శిఖరములో సగమునకు పడిపోవు వరకు లెక్కించుట ఒక పద్ధతి. పదవ వంతుకు పడిపోవు వరకు లెక్కించుట రెండవది. మామూలు దీపములలో రెండవ లెక్క మొదటిదానికి సుమారు మూడు రెట్లుండును. తయారీదారుల కరపత్రములలో సాధారణముగ కనబడునది మొదటి లెక్క, ఎందుకనగా అది గొప్పగ కనబడును. "1000వ వంతు" అని వ్రాసిన దీపము నర్తకి విషయములో దాదాపు 300వ వంతు దీపమే. ఆ తోక వెలుతురులో కదలిన చేతికి ఒక మసక అంచు తప్పదు. కొనువారు ఈ రెండు లెక్కలలో ఏది వ్రాసినారో అడిగి తెలిసికొనవలెను.

శక్తిని తగ్గించినపుడు వెలుగుకాలము ఏమగును? ఇది దీపపు నిర్మాణము మీద ఆధారపడును. పాత పద్ధతి స్టూడియో దీపములలో శక్తిని తగ్గించుటయన్న కెపాసిటరు వోల్టేజిని తగ్గించుట. అందువలన వెలుగు తగ్గును గాని వెలుగుకాలము తగ్గదు సరిగదా, ఒక్కొక్కప్పుడు కొంచెము పెరుగును కూడ. కెమెరా తలపై తగిలించు చిన్న ఫ్లాష్‌లలో సంగతి వేరు. వానిలో ఒక ఎలక్ట్రానిక్ స్విచ్చి ప్రవాహమును నడుమనే తెంపివేయును, తోక తెగిపోవును. పూర్తి శక్తిలో వెయ్యవ వంతు సెకను వెలుగు చిన్న ఫ్లాష్ శక్తిని 16వ వంతుకు తగ్గించినపుడు సుమారు పదివేలవ వంతుకు చేరుట కొన్ని నమూనాలలో కలదు. నేటి ఖరీదైన స్టూడియో దీపములలోను ఇదే స్విచ్చి వచ్చినది. ఇందులో ఒక చిన్న చిక్కు కలదు: తోకలోని వెలుగు ఎరుపు ఛాయది కనుక తోక తెగిన వెలుగు కొంచెము నీలిగ నుండును. రంగు సరిచూచుకొన్నచో అది బాధింపదు. ఈ విషయము డబ్బు తక్కువగ ఉన్న విద్యార్థులకు శుభవార్త. చలనమును నిలుపు పనిలో తక్కువ శక్తిపై పెట్టిన రెండు మూడు చిన్న ఫ్లాష్‌లు కలిసి పాతకాలపు పెద్ద దీపమును ఓడింపగలవు. ఒక దీపము పూర్తి శక్తితో ఇచ్చు వెలుగును రెండు దీపములు సగము శక్తితో ఇచ్చును. వెలుగుకాలము మాత్రము తగ్గును.

షట్టరును పూర్తిగా మరువరాదు. తెర షట్టరు గల కెమెరాలలో రెండు తెరలు ఒకదాని వెంట ఒకటి పరుగిడును. ఒక హద్దు వేగము వరకు ఫిల్ము మొత్తము ఒకేసారి తెరచుకొనియుండు క్షణము ఉండును; ఫ్లాష్ ఆ క్షణముననే వెలుగవలెను. ఆ హద్దు పాత కెమెరాలలో 60వ వంతు, తరువాతి వానిలో 200వ లేదా 250వ వంతు. హద్దు మించినచో తెరల నడుమ సందు మాత్రమే జరుగుచుపోవును గనుక చిత్రములో కొంత భాగము నల్లగ వచ్చును. 2023లో ప్రకటింపబడిన సోనీ కంపెనీ కెమెరా ఒకటి సెన్సారునంతటిని ఒకేసారి చదివి ఈ హద్దును తొలగించినది. అయినను మన చేతులలోని కెమెరాలు చాలవరకు హద్దు గలవియే. హద్దు దాటి కూడ పనిచేయు ప్రత్యేక పద్ధతి యొకటి నేటి ఫ్లాష్‌లలో కలదు. అందులో దీపము ఒక్క మెరుపుగ గాక, తెరలు దాటునంతసేపు గబగబ వణకుచు వెలుగును. అపుడు చలనమును నిలుపు భారము మరల షట్టరు మీదనే పడును. వెలుగు నష్టము కూడ ఎక్కువ. స్టూడియోలో దీనితో పని లేదు.

షట్టరు 200వ వంతులో తెరచియుండగా గదిలోని ట్యూబులైటు, కిటికీ ఎండ లోపలికి జొరబడి మెరుపు బొమ్మకు ప్రక్కగ దయ్యపు నీడ వంటి రెండవ బొమ్మను గీయగలవు. దీనిని పరీక్షించుట సులభము. ఫ్లాష్ ఆపివేసి, తక్కిన అమరికలన్నియు అట్లే ఉంచి ఒక చిత్రము తీయవలెను. అది నల్లగ రావలెను. ఏ మాత్రము ఆకారము కనబడినను కిటికీకి దుప్పటి కట్టవలసినదే. స్టూడియో దీపములో మెరుపుతోపాటు ఎప్పుడును వెలుగు చిన్న బల్బు ఉండును. దానిని కూడ మందగింపవలెను.

దీపములను ఎంత దూరములో నిలుపవలెను? నిలిచియున్న మనిషికి దీపము దగ్గరగ పెట్టుట మేలని పుస్తకములు చెప్పును. నర్తకి నిలిచియుండదు. విలోమవర్గ సూత్రము ప్రకారము దీపము ఒక మీటరు దూరములో ఉండగా నర్తకి అర మీటరు వెనుకకు జరిగినచో ఆమెపై వెలుగు 44 శాతమునకు పడిపోవును. మూడు మీటర్ల దూరములో ఉండగా అంతే జరిగినచో 73 శాతము మిగులును. కనుక దూరముగ, ప్రక్కవాటుగ నిలుపుట మంచిది. ప్రక్కవాటు వెలుగు చేతుల కండను, నడుము ఒంపును, చీర కుచ్చెళ్ల విసనకర్రను ఎత్తి చూపును. ఎదురుగ వచ్చు వెలుగు అన్నిటిని చదును చేయును.

ఇంతవరకు చెప్పినది దీపపు సంగతి. ఈ ఏర్పాట్లన్నియు చేసికొన్నవాడు ఏ క్షణమునైనను కత్తితో కోసినట్లు నిలుపగలడు. ఏ క్షణమును నిలుపవలెనో దీపము చెప్పదు. ఒక ఎగురుడును తీసికొందము. నర్తకి నేలనుండి 45 సెంటీమీటర్లు ఎగిరినదనుకొన్న శిఖరమును చేరుటకు 0.3 సెకను, దిగుటకు మరి 0.3 సెకను పట్టును. శిఖరమునందు నిట్టనిలువు వేగము సున్న. గాలిలో ఉన్న కాలములో సరిగా సగము ఆమె పైభాగపు నాలుగవ వంతు ఎత్తులోనే, అనగా పై 11 సెంటీమీటర్లలోనే గడుపును. నిపుణురాలైన నర్తకి గాలిలో ఆగినట్లు ప్రేక్షకులకు తోచుటలో మాయ లేదు; ఇది గెలీలియో లెక్కయే. శిఖరమునకు ముందు 0.05 సెకను, తరువాత 0.05 సెకను వరకు ఆమె ఎత్తులో వచ్చు భేదము 1.2 సెంటీమీటరు మాత్రమే. అనగా పదవ వంతు సెకను వెడల్పుగల కిటికీ యొకటి మనకొరకు తెరచియున్నది.

అయినను గురి తప్పుచునే ఉండును. కంటితో చూచి వ్రేలితో నొక్కుటకు మనిషికి సుమారు 0.2 సెకను పట్టును. నొక్కిన పిదప కెమెరా స్పందించుటకు మరి 0.05 నుండి 0.1 సెకను. ఈ రెండును కలిపినచో శిఖరమును చూచి నొక్కినవానికి దక్కునది దాదాపు నేల తాకబోవుచున్న నర్తకి. అద్దము గల కెమెరాలలో మరియొక విచిత్రము కలదు. ఫోటో పడు క్షణమున అద్దము పైకి లేచి చూపు మూసికొనిపోవును. కాబట్టి అందమైన భంగిమమును మీరు కెమెరాలో కంటితో చూచినారన్న అది చిత్రములో పడలేదని అర్థము. దీపములు మరల విద్యుత్తు నింపుకొనుటకు సమయము తీసికొనునుగాన మెషిన్‌గన్ వలె వరుసగ తీసి ఏరుకొందమన్నను కుదరదు. ఒక ఎగురుడుకు ఒక చిత్రము.

కనుక నొక్కవలసినది చూచి కాదు, విని. ఇచ్చటనే మన సంప్రదాయ నృత్యములు ఛాయాచిత్రకారునికి అండగ నిలుచును. తీర్మానములో జతి మూడు మారులు తిరిగి సమము మీద పాదము నేలను తాకునని తాళము తెలిసినవానికి ముందే తెలియును. హిందుస్తానీ పద్ధతిలో తిహాయి అనునదియు అట్టిదే, మూడవ ఆవృత్తి సమ్ మీద వ్రాలును. లయ నిమిషమునకు 120 దెబ్బలనుకొందము. దెబ్బకు దెబ్బకు నడుమ అర సెకను. దిగుడు పాదము సమము మీద పడినచో శిఖరము దానికి 0.3 సెకను ముందు. కెమెరా జాప్యమును కలిపికొన్న వ్రేలు సమమునకు 0.35 నుండి 0.4 సెకను ముందు కదలవలెను. అనగా సమమునకు ముందటి దెబ్బ చెవిని పడిన మరునిమేషమున. ఈ లెక్కను స్టూడియోలో నిలిచి కాగితము మీద వేయువాడు ఉండడు. నట్టువాంగపు తాళములతోపాటు తానును లోలోపల లెక్కించుకొనుచు, పది పదిహేను ప్రయత్నములలో వ్రేలికి నేర్పుకొనును. స్టూడియోలో సంగీతము లేకుండ "ఎగురమ్మా" అని చిటికె వేసి తీయువారిని చూచినపుడు మాకు జాలి కలుగును. నర్తకికి తాళము లేదు, తీయువానికి ఆధారము లేదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. నిలిపిన చలనము చలనముగ కనబడునా? కూచిపూడిలో తరంగము చేయు నర్తకి ఇత్తడి పళ్లెపు అంచు మీద పాదములు మోపి, పళ్లెమును జరుపుచు, తాళమునకు తగినట్లు ముందుకు వెనుకకు సాగును. చూచువారికి ఒడలు గగుర్పొడుచు. దానిని 2000వ వంతు సెకను మెరుపుతో తీసి చూడుడు. ఒక స్త్రీ పళ్లెము మీద నిలిచియున్నది, అంతే. పళ్లెము కదలుచున్నదని ఆ చిత్రములో సాక్ష్యము చెప్పువారెవ్వరును లేరు. చక్కర్‌ను అదే మెరుపుతో తీసినచో అట్లు కాదు. విచ్చుకొన్న పేష్వాజ్ తానుగ గాలిలో నిలువదు గనుక, అది నిలిచియున్నదన్న నర్తకి తిరుగుచున్నదని పసిపిల్లవానికి కూడ తెలియును. ఎగురుడులో జడ, వడ్డాణమునకు వ్రేలాడు కుచ్చు, నేలకు పాదమునకు నడుమ సందు సాక్షులు. మెరుపు చిత్రము ప్రాణముతో ఉండవలెనన్న అందులో ఇట్టి సాక్షి ఒకటైన ఉండవలెనని మా అభిప్రాయము. ఇది లేని అడవులను మెరుపుతో నిలుపబూనుట వృథా.

తరంగమునకు మరి గతి లేదా? ఉన్నది. షట్టరును అర సెకనుపాటు తెరచియుంచి, గదిలో ప్రక్కనుండి సన్నని ఎడతెగని వెలుతురును ఉంచి, షట్టరు మూయబోవు చివరి క్షణమున ఫ్లాష్ వెలుగునట్లు అమర్చవలెను. అపుడు పళ్లెము జరిగిన దారి మసక గీతగ వెనుక పడి, దాని కొసన నర్తకి స్పష్టముగ నిలుచును. ఫ్లాష్ మొదటనే వెలిగినచో గీత ఆమెకు ముందు పడి, ఆమె వెనుకకు పోవుచున్నట్లు భ్రమ కలుగును. ఇంతకు ముందు తరిమివేసిన దయ్యపు నీడనే ఇచ్చట పిలిచి పనికి పెట్టుకొనుచున్నామన్న మాట.

మరియొక మార్గము మిలి త్రొక్కినది. నల్లని తెర ముందు షట్టరు తెరచియుంచి దీపమునే పలుమారులు మెరపించుట. 1947లో ఆయన బాలే నర్తకి నోరా కేను ఒక అడుగుల వరుసలో ఇట్లు తీసెను. ఒకే చిత్రములో ఆమె పాదములు, చేతులు పొరలు పొరలుగ విచ్చుకొన్న పువ్వువలె కనబడును. ఈ పద్ధతికి పూర్వము ఫ్రాన్సులో ఎతియెన్ జూల్ మారే 1882 నుండియే నడకను, ఎగురుడును ఒకే ప్లేటుపై వరుసగ తీసి అధ్యయనము చేసియున్నాడు. తీయదలచినవారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను: తక్కువ కదలు మొండెముపై అన్ని మెరుపులును ఒకే చోట పడి అది తెల్లబారును. కాబట్టి ప్రతి మెరుపును బలహీనముగ ఉంచి, నర్తకి అడ్డముగ సాగు అడవును ఎన్నుకొనవలెను. గబగబ మెరయు దీపములు కొందరికి మూర్ఛ తెప్పింపగలవు. ముందుగ అడిగి తెలిసికొనుట తప్పనిసరి.

ఈ దీపము కెమెరాను దాటి రంగస్థలము మీదికి కూడ ఎక్కినది. అమెరికా నర్తకుడు డేవిడ్ పార్సన్స్ 1982లో రచించిన "కాట్" అను నృత్యములో నర్తకుడు ఆరు నిమిషములలో నూటికి పైగ ఎగురును. చీకటిలో మెరుపు దీపము అతడు గాలిలో ఉన్నపుడు మాత్రమే వెలుగును. నేలను తాకిన క్షణములు చీకటిలో కలిసిపోవును. ప్రేక్షకులకు అతడు గాలిలో నడచుచున్నట్లు తోచును. పార్సన్స్ వంటి నర్తకులతో న్యూయార్క్ స్టూడియోలో పనిచేసిన లోయిస్ గ్రీన్‌ఫీల్డ్ 1992లో వెలువడిన "బ్రేకింగ్ బౌండ్స్" గ్రంథములో మరియొక అడుగు ముందుకు వేసినది. రంగస్థలము కొరకు కూర్చిన నృత్యమును గాక, కెమెరా కొరకే నర్తకులు అప్పటికప్పుడు కల్పించిన ఎగురుళ్లను తీసినది. అంతకు యాభై ఏండ్లకు పూర్వము బార్బరా మోర్గాన్ చేసిన పని దీనికి భిన్నము. ఆమె మార్తా గ్రాహమ్ నృత్యములను మరల మరల చూచి, ఆ నృత్యపు సారము ఏ క్షణములో నిలిచియున్నదో ముందుగ నిర్ణయించుకొని, దానిని స్టూడియోలో వేయించి తీసి 1941లో గ్రంథముగ ప్రకటించినది. గ్రీన్‌ఫీల్డ్ చిత్రము చూచినపుడు "ఇది ఎట్లు సాధ్యము?" అనిపించును. మోర్గాన్ చిత్రము చూచినపుడు "తరువాత ఏమి జరిగినది?" అనిపించును. మన సంప్రదాయ నృత్యములకు మోర్గాన్ మార్గమే తగినదని మా నమ్మకము. అడవుకు శాస్త్రము చెప్పిన ఆరంభము, ముగింపు ఉన్నవి. వాని నడుమ దొరకిన వింత ఆకారము ఎంత అందముగ ఉన్నను కూచిపూడి కాదు, కథక్ కాదు.

మెరుపు దీపమునకు దయ లేదు. మామూలు కంటికి ఆనని వానిని కూడ అది చూపును: సగము మూసిన రెప్ప, శ్వాస కొరకు తెరచిన నోరు, రెండు ముద్రల నడుమ వంకరపోయిన వ్రేళ్లు. పదేండ్లు సాధన చేసిన అమ్మాయిని ఒక్క మెరుపు అనాకారిగ చూపి, ఆ చిత్రము పత్రికలో పడినచో ఆమె పడు బాధ సామాన్యమైనది కాదు. శరీరమునకు కూడ హాని ఉన్నది. మన స్టూడియోలలో నేల సాధారణముగ సిమెంటుది. దానిపై వట్టికాళ్లతో మరల మరల ఎగురుట మోకాళ్లకు, మడమలకు చేటు. చెక్కపలకల నేల దొరకనిచో ఎగురుళ్లను కొన్నిటితో సరిపెట్టి, దీపములను, గురిని సరిచూచుకొను పనికి నర్తకిని గాక స్నేహితుని నిలిపి చూచుకొనవలెను. నేలపై పరచు కాగితపు తెర గజ్జెకాలి తాకిడికి చిరిగి జారును. దానిని అంచులన్నిట అంటించుట మరువరాదు.

చిత్రములను ఎన్నుకొనునపుడు నర్తకియు, వీలైనచో ఆమె గురువును ప్రక్కన ఉండవలెను. ఛాయాచిత్రకారుడు మెచ్చినదానిని వారు తరచుగ త్రోసివేయుదురు. ఎడమ మోచేయి దిగినదనియో, దృష్టి హస్తము వెంట పోలేదనియో చెప్పుదురు. వారు కాదన్నదానిని ప్రకటింపరాదు. ఉంచినవాని వెనుక అడవు పేరు, తాళము, ఏ అక్షరము వద్ద తీసినదియు వ్రాసియుంచవలెను. పదేండ్ల తరువాత ఆ బొమ్మను గోడకు తగిలించుకొని అభ్యసించు పిల్లకు అది ముగింపు భంగిమమో, నడుమ జారిపోవు క్షణమో ఆ రెండు పంక్తులే చెప్పవలసియున్నది.